హారంలో ఎవరున్నారు?

పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా రెండు అంకెలు తప్పకుండా బయటికొస్తాయి. నూటికి నూరు శాతం పాసైన బడులు ఎన్ని, ఒక్కరు కూడా పాసవ్వని బడులు ఎన్ని. మొదటి జాబితాలోని హెడ్మాస్టర్లకు శాలువాలు, రెండో జాబితాలోని వాళ్లకు మెమోలు. ఆ బడుల్లో పరీక్ష రాసింది ఎంతమంది అన్న సంగతి మాత్రం వార్తలో ఎక్కడో అడుగున ఉంటుంది, చాలాసార్లు అసలే ఉండదు.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. రాష్ట్రంలో ప్రతి బడీ ఒకేలా చదువు చెబుతోందనీ, ఏ పిల్లవాడికైనా పాసయ్యే అవకాశం సరిగ్గా 80 శాతమనీ అనుకుందాం. అంటే బడికీ బడికీ నాణ్యతలో తేడా ఏమీ లేదు. అలాంటప్పుడు కూడా ఐదుగురే పరీక్ష రాసిన బడిలో అందరూ పాసయ్యే అవకాశం దాదాపు 33 శాతం. అరవై మంది రాసిన బడిలో అదే అవకాశం ఆరున్నర లక్షల్లో ఒకటి. ఇక సున్నా సంగతి: ఇద్దరేసి మాత్రమే రాసిన బడులు వంద ఉంటే, సగటున నాలుగింటికి సున్నా ఫలితం వస్తుంది. పదిమంది రాసిన బడికి అలా రావడం దాదాపు జరగని పని. అంటే పంతుళ్ల పనితనంతో సంబంధం లేకుండానే శాలువాలూ మెమోలూ రెండూ చిన్న బడులకే ఎక్కువగా పోతాయి.

అమెరికాలో ఈ పొరపాటుకు ఖరీదు పెద్దగానే పడింది. బాగా మార్కులొచ్చే బడుల జాబితాలు తిరగేస్తే చిన్న బడులు ఎక్కువగా కనిపించాయి. 'చిన్న బడే మంచి బడి' అనే ఊపు వచ్చింది. 2000 తర్వాత కొన్నేళ్లపాటు గేట్స్ ఫౌండేషన్ చిన్న హైస్కూళ్లను పెంచడానికి భారీగా నిధులిచ్చింది. గణాంక శాస్త్రవేత్త హోవార్డ్ వైనర్ పెన్సిల్వేనియా బడుల మార్కులు తీసి చూపించాడు: పై వరసలోనే కాదు, అట్టడుగు వరసలోనూ చిన్న బడులు ఉండాల్సినదాని కన్నా ఎక్కువే ఉన్నాయి. అడుగు జాబితా వైపు ఎవరూ చూడలేదు, అంతే. తాము డబ్బు పెట్టిన చిన్న బడుల్లో చాలావాటిలో పిల్లల చదువు చెప్పుకోదగ్గట్టు మెరుగుపడలేదని 2009 వార్షిక లేఖలో బిల్ గేట్సే ఒప్పుకున్నాడు.

భిన్నంలో పైది లవం, కిందది హారం అని చిన్న తరగతుల్లోనే అందరూ నేర్చుకుంటారు. పరిశోధనల్లో పద్ధతి లోపాలు అనగానే కొరుకుడుపడని గణాంక సూత్రాలు గుర్తొస్తాయి గానీ, విద్య మీదా సమాజం మీదా జరిగే అధ్యయనాల్లో తప్పులు ఎక్కువగా దొర్లేది ఆ సూత్రాల దాకా వెళ్లకముందే, హారం దగ్గర. ఎవరిని లెక్కలో వేశారు, ఎవరిని వదిలేశారు, వదిలేసినవాళ్ల గురించి ఎవరైనా అడిగారా? టీవీ ప్రకటనల్లో 'ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు' అని ఊపిరాడకుండా చదివే ర్యాంకుల వెనక, పరీక్షకు కూర్చున్న వేలమంది సంగతి వినబడదు. ప్రకటన కాబట్టి జనం నవ్వుకుని వదిలేస్తారు. అదే పని సిద్ధాంత గ్రంథంలో జరిగితే డిగ్రీ వస్తుంది.

లాటరీ తీస్తే తేలిందేమిటి?

ప్రైవేటు బడి పిల్లలకు సర్కారు బడి పిల్లల కన్నా సగటున మార్కులెక్కువ రావడం కొత్త సంగతి కాదు. దాన్నుంచి 'ప్రైవేటు బడిలో చదువు బాగా చెబుతారు' అనే మాటకు దూకడానికి చాలామందికి అర నిమిషం పట్టదు. ఫీజు కట్టగలిగిన ఇల్లు, హోంవర్కు చూసే అమ్మ, కూర్చుని చదువుకోవడానికి ఓ మూల, ఇవన్నీ బడిలో చేరకముందే ఆ పిల్లల వెంట ఉన్నాయి. పరిశోధకులు వీటిని 'నియంత్రించాం' అని రాస్తారు. అంటే తండ్రి చదువు, ఇంటి ఆదాయం, కులం లాంటి నాలుగైదు అంశాలను సమీకరణంలో పెట్టామని. కానీ ఒకే వీధిలో, ఒకే ఆదాయమున్న రెండిళ్లలో ఒకరు అప్పు చేసి మరీ పిల్లవాణ్ని ప్రైవేటుకు పంపుతారు, పక్కింటివాళ్లు పంపరు. ఆ తేడాకు ప్రశ్నావళిలో గడి ఉండదు.

దీన్ని తేల్చడానికి 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు దాని ఫలితాలను 2015లో ప్రచురించారు. 180 ఊళ్లలో సర్కారు బడి పిల్లల తల్లిదండ్రుల దగ్గర దరఖాస్తులు తీసుకున్నారు. లాటరీ తీసి 90 ఊళ్లను పథకానికి ఎంచారు. ఆ 90 ఊళ్లలో మళ్లీ లాటరీ తీసి, గెలిచిన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు చెల్లించారు. రెండు లాటరీలు ఎందుకంటే, ఒకే ఊళ్లో గెలిచినవాళ్లనూ ఓడినవాళ్లనూ పోల్చి ఊరుకుంటే చిక్కు ఉంది. కొందరు వెళ్లిపోయాక సర్కారు బడిలో మిగిలిన పిల్లల చదువు కూడా మారవచ్చు. అటు ప్రైవేటు బడిలో ముందునుంచీ ఉన్నవాళ్ల చదువూ మారవచ్చు. పథకమే లేని 90 ఊళ్లు పక్కన ఉంటేనే ఆ మార్పు కనబడుతుంది. చూస్తే, మిగిలినవాళ్ల మీద చెడు ప్రభావం ఏమీ తేలలేదు.

ఇక అసలు ప్రశ్న. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో లాటరీ గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం గెలిచినవాళ్లు చాలా ముందున్నారు. సర్కారు ప్రాథమిక బడుల్లో హిందీ చెప్పరు, ప్రైవేటులో చెబుతారు. అంటే 'ఏ బడి మేలు' అనే ప్రశ్నకు జవాబు మీరు ఏ పరీక్ష పేపరు పట్టుకెళ్లారన్న దాని మీద ఆధారపడింది. తెలుగు, లెక్కలు మాత్రమే పెట్టుంటే 'ప్రైవేటు దండగ' అని ముగిసేది. ఇంకో ముడి కూడా ఉంది: ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ గంటలు కేటాయించి అవే మార్కులు తెచ్చాయి. పైగా ఒక్కో పిల్లవాడి మీద అవి పెట్టే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. సర్కారు బడి పక్షం వాళ్లు మొదటి సగం చదివారు, ప్రైవేటు పక్షం వాళ్లు రెండో సగం చదివారు. ఇద్దరూ అదే పరిశోధన పత్రాన్ని చేత్తో పట్టుకుని వాదించుకున్నారు. అందులో పరిశోధకుల తప్పు లేదు.

లాటరీ ఉంటే చాలు, అన్నీ తేలిపోతాయని కూడా కాదు. అదే కాలంలో, అదే రాష్ట్రంలో జరిగిన ఇంకో అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. లాటరీతో ఎంచిన బడులకు కొంత డబ్బిచ్చి, పిల్లలకు పనికొచ్చే నోటుబుక్కులూ రాత సామానూ లాంటివి కొనుక్కోమన్నారు. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది అదే డబ్బు, అవే బడులు, కానీ ప్రభావం కనబడలేదు. తికమక తీరింది బడిలో కాదు, ఇళ్లలో. మొదటి ఏడాది ఆ డబ్బు వస్తుందని తల్లిదండ్రులకు ముందుగా తెలియదు. ఎప్పటిలాగే తమ ఖర్చు తాము పెట్టారు. రెండో ఏడాదికి తెలిసిపోయింది. 'నోటుబుక్కులు బడిలోనే ఇస్తున్నారుగా' అని తమ ఖర్చు తగ్గించుకున్నారు. ఆ డబ్బు ఇంట్లో వేరే అవసరానికి పోయింది. ఇది తప్పేమీ కాదు, సంసారం నడిపే ఎవరైనా అదే చేస్తారు. కానీ ఒక్క ఏడాదికే అధ్యయనం ఆపేసినా, బడి లెక్కలు మాత్రమే చూసి ఇంటి ఖర్చు అడక్కపోయినా, 'గ్రాంటిస్తే చదువు బాగుపడుతుంది' అని రిపోర్టు వెళ్లిపోయేది. మన దగ్గర చాలా పథకాల మూల్యాంకనం మొదటి ఏడాదితోనే అయిపోతుంది మరి.

చూసేవాళ్లుంటే ఒకలా, లేకపోతే ఒకలా

ఇన్‌స్పెక్షన్ ఉందని తెలిసిన రోజు బడి ఎలా ఉంటుందో చదువుకున్నవాళ్లందరికీ గుర్తే. బోర్డు మీద తేదీ రాసి ఉంటుంది, చార్టులు గోడకెక్కుతాయి, తెలివైన పిల్లలు ముందు బెంచీకి వస్తారు. పరిశీలనలో ఉన్నామని తెలిస్తే మనిషి మారతాడన్నది సామాజిక శాస్త్రంలో పాత సంగతి. దాన్ని అంకెల్లో పట్టుకోవడం కష్టం. 2010లో వచ్చిన మురళీధరన్, సుందరరామన్ల మరో అధ్యయనంలో అది దాదాపు అనుకోకుండా దొరికింది. కొన్ని బడుల టీచర్లకు తమ పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రిపోర్టులిచ్చారు. తర్వాత మనుషులను పంపి తరగతి గదిలో కూర్చోబెట్టి చూస్తే, రిపోర్టులు అందిన టీచర్లు మిగతావాళ్ల కన్నా చురుగ్గా చెబుతున్నట్టు కనిపించారు. ఏడాది చివర బయటివాళ్లతో పరీక్ష పెట్టిస్తే మార్కుల్లో తేడా ఏమీ లేదు. చూస్తున్నంతసేపూ కష్టపడ్డారన్నమాట. తరగతి గది పరిశీలనే ఆధారంగా చేసే అధ్యయనాలు మన విశ్వవిద్యాలయాల్లో ఏటా ఎన్ని వస్తాయో తెలిసినవాళ్లకు ఈ ఫలితం కాస్త టెన్షన్ పెట్టాలి.

పరీక్షల్లోనూ ఇదే గొడవ. ప్రభుత్వం నిర్వహించే అభ్యసన పరీక్షల పేపర్లు బడిలో టీచర్లే పెట్టి, టీచర్లే దిద్దితే ఆ మార్కులను ఎంతవరకు నమ్మవచ్చు? అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్త ఆంధ్రప్రదేశ్‌లో 2,400కు పైగా బడుల్లో దీన్ని పరీక్షించాడు. కొన్ని బడుల్లో మామూలుగా కాగితం మీద, టీచర్ల పర్యవేక్షణలో పరీక్ష జరిగింది. కొన్నింటిలో ట్యాబ్‌ల మీద జరిగింది. తర్వాత స్వతంత్ర బృందాల పరీక్షతో పోలిస్తే, కాగితం పరీక్ష పిల్లల స్థాయిని బాగా ఎక్కువ చేసి చూపిందని, ట్యాబ్ పరీక్ష ఫలితాలు అసలు స్థాయికి దగ్గరగా ఉన్నాయని తేలింది. రాష్ట్ర స్థాయి సమీక్షల్లో పవర్ పాయింట్ మీద ఎక్కే రంగుల పట్టీలు ఏ మార్కుల మీద నిలబడ్డాయో ఆలోచించండి. ఆ పట్టీల ఆధారంగానే ఏ మండలం వెనకబడింది, ఎవరికి శిక్షణ ఇవ్వాలి అని తీర్మానిస్తారు. నిజాయితీగా పరీక్ష పెట్టిన బడి ఆ పట్టీలో ఎర్రరంగులో ఉంటుంది.

దేశం మొత్తానికీ రెండు పెద్ద కొలతలున్నాయి. 2005లో ప్రథమ్ సంస్థ మొదలుపెట్టిన అసర్ సర్వే పల్లెల్లో ఇంటికి వెళ్లి, పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చదివిస్తుంది: అక్షరం, మాట, చిన్న పేరా, ఆపైన రెండో తరగతి స్థాయి కథ. ఎన్‌సీఈఆర్‌టీ నిర్వహించిన నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే బడిలో, ఆ రోజు హాజరైన పిల్లలకు బహుళైచ్ఛిక ప్రశ్నలు పెట్టింది. ఇంట్లో అడిగితే బడి మానేసినవాడూ దొరుకుతాడు, ఆ రోజు మిరపకాయల కోతకు వెళ్లినదీ సాయంత్రానికి దొరుకుతుంది. బడిలో అడిగితే ఇద్దరూ హారంలో ఉండరు. మరి రెండు సర్వేల్లో రాష్ట్రాల ర్యాంకులు కలవడం లేదని ఆశ్చర్యపోవడం దేనికి? అసర్‌కూ పరిమితులున్నాయి. అది పట్టణాల జోలికి పోదు, చదవడం, ప్రాథమిక లెక్కలు దాటి పెద్దగా అడగదు, సర్వే చేసేది స్వచ్ఛంద కార్యకర్తలు. అయినా 2018లో పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో సగం మందే రెండో తరగతి పాఠం చదవగలిగారు అని అది చెబితే, ఆ వాక్యంలో లవం, హారం రెండూ ఎవరికైనా అర్థమవుతాయి. అదే దాని బలం.

ఈ మాట ఎందుకంటే, పరిశోధన పత్రాల్లో ఫలితాన్ని చెప్పే భాష వేరు. ఉపాధ్యాయులకు పిల్లల మార్కులను బట్టి బోనస్ ఇచ్చిన ప్రయోగం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2005లో మొదలైంది. రెండేళ్లకు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మెరుగుదల వచ్చిందని 2011లో ప్రచురించారు. దీన్ని మామూలు మాటల్లో చెప్పాలంటే, వంద మంది పిల్లలను మార్కుల వరసలో నిలబెడితే యాభయ్యో స్థానంలో ఉన్న పిల్ల లెక్కల్లో దాదాపు అరవయ్యో స్థానానికి ఎక్కినట్టు. బాగానే ఉంది. కానీ ఆ పిల్లకు ఇప్పుడు భాగహారం వచ్చా రాదా? ఆ అంకె చెప్పదు. అక్కడి 0.27నూ ఇంకో దేశంలో, ఇంకో పేపరుతో వచ్చిన 0.27నూ పక్కపక్కన పెట్టి 'రెండూ సమానం' అనే పట్టికలు మాత్రం పుట్టలకొద్దీ వస్తుంటాయి. ఈ ప్రయోగంలో ఒక మెచ్చుకోదగ్గ జాగ్రత్త ఉంది. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సాంఘిక శాస్త్రాల్లోనూ పరీక్ష పెట్టారు, వాటిలోనూ మార్కులు పెరిగాయి. పేపరుకు కావాల్సినంతే బట్టీ పట్టించారన్న అనుమానానికి అది కొంత జవాబు.

గైర్హాజరు అంటే?

ఒకే మాటకు రెండు నిర్వచనాలుంటే ఏమవుతుందో టీచర్ల హాజరు చర్చ చూస్తే చాలు. 2003లో దేశంలోని 20 రాష్ట్రాల్లో దాదాపు 3,700 బడులకు ముందు చెప్పకుండా వెళ్లి చూసిన ప్రసిద్ధ అధ్యయనం, నలుగురిలో ఒక టీచరు బడిలో లేరని తేల్చింది. 25 శాతం అన్న ఆ అంకె పత్రికల్లో 'పంతుళ్ల డుమ్మా' అయింది. 2017లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఆరు రాష్ట్రాల్లో చేసిన అధ్యయనం మాత్రం, కారణం లేకుండా రానివారు 2.5 శాతమే అంది. పదిరెట్లు తేడా. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనిపిస్తుంది. కానీ రెండో అధ్యయనంలో కూడా వెళ్లిన రోజు బడిలో లేనివాళ్లు 18 శాతానికి పైనే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది సెలవులో ఉన్నారు, శిక్షణకు వెళ్లారు, ఓడీ (బడి బయట అధికారిక డ్యూటీ) మీద ఉన్నారు.

ఎదురుగా కూర్చున్న పిల్లలకు టీచరు ఓటర్ల జాబితా పని మీద వెళ్లినా, పెళ్లికి వెళ్లినా ఒకటే, ఆ గంట పాఠం లేదు. టీచరుకు మాత్రం ఒకటి కాదు, ఒకదానికి మెమో వస్తుంది, ఇంకోదానికి రాదు. ప్రశ్న పిల్లల వైపు నుంచి అడిగారా, టీచరు వైపు నుంచి అడిగారా అన్నదాన్ని బట్టి జవాబు మారింది. పైగా రిజిస్టర్లో రాసిన కారణాన్ని నమ్మాలా వద్దా అన్నది వేరే తలనొప్పి. రెండు అంకెలనూ ఒకే పేరాలో రాసే విలేకరి కోసం ఇంకా ఎదురుచూడాల్సిందే.

నిర్వచనం దెబ్బ ఇంకా గట్టిగా తగిలేది ఆడవాళ్ల పని దగ్గర. సర్వే చేసేవాడు ట్యాబ్ పట్టుకుని ఇంటి ముందు ఆగుతాడు. అరుగు మీద కూర్చున్న ఇంటాయన జవాబులు చెబుతుంటాడు. 'మీ ఆవిడ పని చేస్తారా?' 'ఏం పనండీ, ఇంట్లోనే ఉంటుంది.' ట్యాబ్‌లో 'గృహిణి' అని నొక్కేస్తాడు. ఆ సమయానికి ఆవిడ గేదెకు గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని వస్తూ ఉంటుంది. పొద్దున్న పాలకేంద్రానికి పాలు పోసి వచ్చింది, ఆ డబ్బు ఇంటాయన ఖాతాలో పడుతుంది. పత్తి తీసే రోజుల్లో కూలికీ వెళ్తుంది. అదే ఇంటికి ఇంకో సర్వే అమ్మాయి వచ్చి, ఆవిడతోనే మాట్లాడి, 'పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారో చెప్పండమ్మా' అని అడిగితే జవాబు వేరు. దేశంలో 15 ఏళ్లు, ఆపై వయసు మహిళల్లో పని చేస్తున్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్ల వాటా కేంద్ర ప్రభుత్వ సర్వేల ప్రకారం 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఆరేళ్లలో ఇంత పెరుగుదల! అందులో స్వయం ఉపాధి, ఇంటి పొలంలో జీతం లేని చాకిరీ వాటా పెద్దది. నిజంగా కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు ఎంతమంది, ఎప్పుడూ చేస్తున్న పని ఇప్పుడు లెక్కలోకి ఎక్కినవాళ్లు ఎంతమంది అన్న దాని మీద ఆర్థికవేత్తలు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు.

మన ఎంఈడీ, పీహెచ్‌డీ పరిశోధనల్లో కనిపించే ప్రశ్నావళి సంగతి ఇంకొకటి. ఇంగ్లిష్‌లో ఏనాడో తయారైన స్కేలును మక్కికి మక్కి తెలుగు చేస్తారు. తెలుగు చేసిన వాక్యాన్ని మళ్లీ ఇంకొకరితో ఇంగ్లిష్‌లోకి మార్పించి సరిచూసుకోవడం అరుదు. 'నేను నా గురించి సానుకూల వైఖరి కలిగి ఉన్నాను' అనే వాక్యం ఎదురైతే తొమ్మిదో తరగతి పిల్లవాడు ఏం చేస్తాడు? పక్కవాడి కాగితం చూస్తాడు, లేదా ఎదురుగా సార్ నిలబడి ఉన్నారు కాబట్టి 'పూర్తిగా అంగీకరిస్తాను' మీద టిక్కు పెడతాడు. ఆ టిక్కులను 5, 4, 3, 2, 1 అని మార్చి, కూడి, సగటు తీసి, రెండు దశాంశ స్థానాల దాకా రాస్తారు. శాంపుల్ అంటే గైడుగారికి తెలిసిన నాలుగు బడులు. ఈమధ్య వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే గూగుల్ ఫారం. దాన్ని నింపినవాళ్లు 300 మంది అని రాస్తారు, అది ఎంతమందికి చేరిందో రాయరు.

ఆపైన టి-పరీక్షలు, అంటే రెండు గుంపుల సగటుల మధ్య తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని చూసే లెక్కలు. లింగం, ప్రాంతం, యాజమాన్యం, వయసు, అనుభవం, అర్హత అని ఆరు అంశాలు. స్కేలులో ఐదు విభాగాలు. మొత్తం ముప్పై పోలికలు. 5 శాతం స్థాయిలో, అంటే ఒక్కో పోలికలో లేని తేడా ఉన్నట్టు తేలే అవకాశం 5 శాతమనుకుని చూస్తే, ఎక్కడా నిజమైన తేడా లేకపోయినా, ఆ ముప్పైలో కనీసం ఒక్కటైనా 'సార్థకం' (యాదృచ్ఛికం కాదు) అని తేలే అవకాశం, అవి ఒకదానితో ఒకటి ముడిపడనివైతే, దాదాపు 79 శాతం. తేలిన ఆ ఒక్కటీ ముగింపు అధ్యాయంలోకి వస్తుంది: 'పట్టణ మహిళా ఉపాధ్యాయుల వైఖరి మెరుగ్గా ఉంది, కావున గ్రామీణ ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలి.' మిగతా ఇరవై తొమ్మిది పోలికలూ అనుబంధంలో పడుకుంటాయి. ఇదీ హారం సమస్యే. ఎన్నిసార్లు గాలం వేస్తే ఒక చేప పడిందో చెప్పాలి కదా.

పెద్ద పత్రికల పరిస్థితి అంత భిన్నంగా లేదు. 2015లో మనస్తత్వ శాస్త్రానికి చెందిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, మొదట 97 శాతానికి సార్థక ఫలితాలున్న చోట రెండోసారి 36 శాతానికే వచ్చాయి. విద్యారంగంలో అసలు మళ్లీ చేసి చూసేవాళ్లే తక్కువ. పేరున్న వంద విద్యా పత్రికల వ్యాసాల్లో అలాంటివి 0.13 శాతమేనని 2014లో లెక్కగట్టారు. వ్యక్తిత్వ వికాస తరగతుల్లో తప్పకుండా వినిపించే కథ ఒకటుంది. మిఠాయి ముందు పెట్టి 'కాసేపు ఆగితే ఇంకోటి ఇస్తాం' అంటే ఆగిన పిల్లలు పెద్దయ్యాక పైకొచ్చారని. ఆ పిల్లలు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆవరణలోని నర్సరీ బడి వాళ్లు. 2018లో 900 మందికి పైగా పిల్లల డేటాతో, తక్కువ చదువుకున్న తల్లుల పిల్లలనూ కలుపుకుని చూస్తే ఆ సంబంధం సగానికి పడిపోయింది. ఇంటి నేపథ్యం కూడా లెక్కలోకి తీసుకుంటే ఇంకా చాలా తగ్గింది. ఇంట్లో రేపటికి మిఠాయి ఉంటుందన్న నమ్మకం ఉన్న పిల్లవాడు ఆగుతాడు.

హారాన్ని కాపాడుకునే పరిశోధనలు లేవని కాదు. యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సుమారు 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి వెంబడిస్తూ వచ్చింది. వలస వెళ్లినవాళ్లను, పెళ్లయి అత్తారింటికి పోయినవాళ్లను వదిలేసి పక్కింటి పిల్లలతో ఖాళీ నింపడం సులువు, ఖర్చూ తక్కువ. అలా చేస్తే బాల్య వివాహాల గురించి, వలసల గురించి చెప్పాల్సిన అధ్యయనంలో సరిగ్గా ఆ పిల్లలే ఉండరు. అందుకే చిరునామా వెతుక్కుంటూ వెళ్తారు.

ఒకచోట నిజమైన ఫలితం ఇంకోచోట నిలబడుతుందా అన్నది మరో పెద్ద ప్రశ్న. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లాటరీతో ఎంచిన బడులకు ఒక్కో అదనపు కాంట్రాక్టు టీచరును ఇస్తే పిల్లల మార్కులు పెరిగాయి. కెన్యాలో ఇలాంటి ప్రయోగాన్నే రెండు రకాలుగా చేశారు. ఒక స్వచ్ఛంద సంస్థ నడిపిన చోట మార్కులు పెరిగాయి, ప్రభుత్వమే నడిపిన చోట ఏమీ పెరగలేదు. పథకం కాగితం మీద ఒకటే. నడిపే చేయి మారింది.

ఇక మన దగ్గర కొత్తగా ఏ సర్వే మొదలైనా తగిలే చిక్కు జిల్లాలు, జనాభా లెక్కలు. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, తర్వాత 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 కాస్తా 2022లో 26 అయ్యాయి. పాత ఆదిలాబాద్ సగటులో మంచిర్యాల, ఆసిఫాబాద్ కలిసి ఉండేవి, ఇప్పుడు విడిగా కనిపిస్తాయి. పిల్లల్లో ఏ మార్పూ లేకుండానే ఒక జిల్లా ర్యాంకు ఎగబాకుతుంది, ఇంకోటి జారుతుంది. 'గత సర్వేతో పోలిస్తే మెరుగు' అని రాసేముందు ఏ సరిహద్దులతో పోల్చారో చూడాలి. ఊళ్ల శాంపుల్ తియ్యడానికి 2011 జనగణన జాబితానే ఏళ్లకేళ్లు ఆధారమైంది, 2021లో జరగాల్సింది జరగలేదు కాబట్టి. ఆ జాబితాలో మెదక్ జిల్లా కింద వేములఘాట్ ఉంది, ఎన్ని ఇళ్లో, ఎంతమంది జనమో రాసి ఉంది. ఆ ఊరు ఇప్పుడు మల్లన్నసాగర్ నీళ్ల కింద ఉంది. జనం గజ్వేల్ దగ్గర పునరావాస కాలనీలో ఉన్నారు. ఆ కాలనీ పేరు ఆ జాబితాలో లేదు.